టోపీ కనిపిస్తే మోగే పళ్లెం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఫ్లాట్ నంబరే పేరు. నేను 403 వాళ్ల అమ్మాయిని. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే గోడకు అంటించిన నోటీసు చదువుతున్నట్టు నిలబడే అమ్మాయిని. ఆ నోటీసులో లిఫ్టు తలుపు సరిగా మూయమని తప్ప ఇంకేమీ ఉండదు. అయినా ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాను.

మా బిల్డింగు ఎల్బీనగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల మెటీరియల్‌కు ప్రూఫులు దిద్దుతాను. వెనక గది, ఒక ఫ్యాను, అచ్చుతప్పులు. రోజంతా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. సాయంత్రం ఇంటికొచ్చి డైరీ రాసుకుని, పుస్తకం పట్టుకుని పడుకుంటాను.

ఆ సెంటర్లోనే అరిథ్‌మెటిక్ చెప్పే అమ్మాయి నా స్నేహితురాలు. కిక్కిరిసిన హాల్లో మైకు లేకుండా పాఠం చెప్పగలదు. నేను మాట్లాడాల్సినవి కూడా తనే మాట్లాడేస్తుంది. తను ముస్లిం. సరూర్‌నగర్‌లో వాళ్ల అమ్మీతో కలిసి కిరాయికి ఉండేది. పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కడతానని ఓనరు చెప్పాడు. జనవరి నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి.

తల్లీకూతుళ్లు ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. టులెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే అవతలి వాళ్లు ఎంతో ఆప్యాయంగా మాట్లాడేవారు. కుళాయికి కృష్ణా నీళ్లు వస్తాయని, గాలి బాగా ఆడుతుందని చెప్పేవారు. చివర్లో "పేరేంటమ్మా?" అనేవారు. తను చెప్పేది. "అయ్యో, ఇప్పుడే ఒకళ్లొచ్చి అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారమ్మా." బోర్డు మాత్రం ఆ గేటుకు అలాగే వేలాడుతుండేది.

"ఒక లెక్క చెప్త, చెయ్యి," అంది ఒకరోజు నాతో టీ తాగుతూ. "ఒక ఇల్లు నెల నుంచి ఖాళీగ ఉన్నది. నేను నా పేరు చెప్పిన. పేరు చెప్పినంక ఆ ఇల్లు ఎంత స్పీడ్ల నిండుతది?"

నేను నవ్వలేదు. తనే నవ్వింది.

మా బిల్డింగులో 302 ఖాళీ అయిందని తనకు చెప్పింది నేనే. వాళ్ల అమ్మీకి మోకాళ్ల నొప్పులు, మాకు లిఫ్టు ఉంది. మెట్రో దగ్గర. ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. ఫోన్‌లో పేరు విన్నాక కూడా పెట్టేయలేదు. "నాకేం లేదమ్మా, మీ అసోసియేషన్ వాళ్లు సరేనంటే చాలు," అన్నాడు. అసోసియేషన్ అంటే సెక్రటరీ గారే. ప్రభుత్వాఫీసులో చేసి రిటైరయిన పెద్దమనిషి, మా వైపు వారే. నేను చెప్పింది విని గడ్డం గోక్కున్నారు. "రిపబ్లిక్ డే రోజు అందరూ ఉంటారు కదమ్మా. మీటింగులో పెడదాం."

మాకు రిపబ్లిక్ డే అంటే ఒక పద్ధతి ఉంది. పొద్దున జెండా, తర్వాత ఇడ్లీ వడ, పిల్లల నాటిక, ఆ వెంటనే అందరూ కుర్చీల్లోనే ఉంటారు కనుక మీటింగు. కార్లన్నీ బయట పెట్టేసి అన్నీ సెల్లార్లోనే. సాయంత్రం అక్కడే తెల్లదుప్పటి కట్టి, ప్రొజెక్టర్‌తో సినిమా. ఎప్పుడూ యుద్ధం సినిమాయే.

ఏళ్లుగా చూసిన ఆ సినిమాలన్నీ కలిసి నా బుర్రలో ఒకే సినిమా అయిపోయాయి. మనవాళ్ల ఊళ్లలో ఎండ పచ్చగా కాస్తుంది. అవతలి ఊళ్లలో పగలు కూడా బూడిదరంగే. కళ్లకు సుర్మా, తలకు టోపీ, మెడలో గళ్ల కండువా ఉన్న మనిషి తెర మీదికి రాగానే కింది నుంచి ఒక సంగీతం లేస్తుంది. అతను ఇంకా ఏమీ చేసి ఉండడు. బిర్యానీ తింటూ ఉంటాడు, లేదా ఊరికే తలుపు తెరుస్తాడు. కానీ ఆ సంగీతం మన చెవిలో దూరి, భయపడు, భయపడు అంటుంది. మంచి ముస్లిం కూడా ఒకడు ఉంటాడు. హీరోకు ప్రాణమిత్రుడు. ఇంటర్వెల్ లోపు హీరో కోసం తూటాకు అడ్డం పడి చచ్చిపోతాడు. చచ్చిపోయాకే అతను మంచివాడని మనకు పూర్తి నమ్మకం కలుగుతుంది.

ఒకసారి మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి సినిమాకు వెళ్లాం. ప్రాణమిత్రుడు కనిపించగానే తను నా చెవిలో గొణిగింది. "పాపం, మావోడు వచ్చిండు. పాప్‌కార్న్ ఇప్పుడే కొనుక్కుందాం పా. ఇంటర్వెల్‌కు ముంగట లేస్తే చావు సీను మిస్సయితం." అతను సరిగ్గా తను చెప్పినట్టే పోయాడు. సినిమా వదిలాక జనం నినాదాలు ఇస్తూ మెట్లు దిగుతున్నారు. తను తల మీది చున్నీని మెల్లగా మెడ మీదికి జార్చుకుంది. బయట మిర్చీ బజ్జీల బండ్లు, చెప్పుల దుకాణాల వెలుగులోకి వచ్చాక మళ్లీ తల మీదికి తీసుకుంది. ఆ రోజు డైరీలో సినిమా కథ రాయలేదు, ఆ చున్నీ గురించే రాశాను.

ఇంకో సంగతి కూడా రాసుకున్నాను. క్రితం రిపబ్లిక్ డే మర్నాడు గ్యాస్ స్టవ్ రిపేర్ చేసే ఆయన మోపెడ్ మీద మా గేట్లోకి వచ్చాడు. తెల్లటోపీ, తెల్లబడుతున్న గడ్డం. ముందురోజు సినిమా చూసిన పిల్లలు పిల్లర్ల వెనక దాక్కుని, వేళ్లతో తుపాకులు చేసి ఆయన్ను కాల్చారు. ఆయన రెండు చేతులూ ఎత్తి, నాలుక బయట పెట్టి, మోపెడ్ మీదే చచ్చిపోయినట్టు వాలాడు. మూడో తరగతి చదివే 104 పాపకు కోపం వచ్చింది. "అంకుల్, గంత తొందరగ సావొద్దు! ముందు బ్యాడ్ డైలాగ్ చెప్పాలె."

"నాకు బ్యాడ్ డైలాగ్ రాదు బిడ్డా," అన్నాడాయన లేచి కూర్చుని. "బర్నర్ క్లీన్ చేసుడు ఒక్కటే వస్తది."

ఈ ఏడాది నాటిక నన్ను రాయమన్నారు. కారణం, నేను పుస్తకాలు చదువుతానని అమ్మ ఎక్కడో వాగింది. "మన జవాను శత్రువును పట్టుకుంటాడు, అంతే, పావుగంట చాలు," అన్నారు సెక్రటరీ గారు. కాదనడానికి కూడా నోరు రాక తల ఊపాను.

పిల్లల చేత ఆడించే బాధ్యత 201 ఆంటీది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి, గొంతు తగ్గించడం తెలియదు. ఇద్దరం బట్టలు తేవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్యాన్సీ డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణానికి వెళ్లాం. జవాన్ల యూనిఫారాలు తీశాక ఆంటీ శత్రువుది అడిగింది. దుకాణదారు ఒక కవరు కౌంటర్ మీద పెట్టాడు. అందులో పొడుగు కుర్తా, తెల్లటోపీ, రబ్బరు బ్యాండుతో గడ్డం, సుర్మా పెన్సిలు.

"ఇదేంది? సైనికునిది అడిగితిమి కదా," అంది ఆంటీ.

"గిదే మేడం ఎనిమీ సెట్టు. జనవరి, ఆగస్టు రెండు సీజన్లు గిదే పోతది. అన్ని స్కూళ్లోళ్లు గిదే అడుగుతరు."

"అవతలోళ్లకు కూడా యూనిఫారం ఉంటది కదయ్యా."

"ఉంటది మేడం. రెండు దిక్కుల యూనిఫారమే ఏస్తే పిల్లలకు ఎవలు మంచోళ్లో ఎవలు చెడ్డోళ్లో ఎట్ల సమజైతది?"

అతని గొంతులో ద్వేషం ఇసుమంత కూడా లేదు. పెన్సిల్ కావాలంటే రబ్బరు కూడా ఇచ్చినంత మామూలుగా ఇచ్చాడు. ఆంటీ నా ముఖం చూసింది, కవరు చూసింది. "గడ్డం వద్దు, కుర్తా వద్దు. టోపీ ఒక్కటి ఇయ్యి. మా పిల్ల ఏదో సోంచాయిస్తున్నది," అంది.

నిజంగానే ఆలోచిస్తున్నాను. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రాశాను.

నాటికలో యుద్ధం లేదు. యుద్ధం సినిమా షూటింగ్ ఉంది. ఒక డైరెక్టరు, ఒక హీరో, ఒక మ్యూజిక్ మాస్టరు. మాస్టరు చేతిలో స్టీలు పళ్లెం, గరిటె. టోపీ ఎవరి తల మీద కనిపించినా అతను ఢాంగ్, ఢాంగ్, ఢాంగ్ అని భయపెట్టే సంగీతం వాయిస్తాడు. విలన్ వేషగాడు రాలేదు. రోడ్డు మీద పోతున్న స్టవ్ రిపేర్ మనిషిని డైరెక్టరు లాక్కొస్తాడు. నటన రాదని అతను మొత్తుకుంటే, "నటన ఎందుకయ్యా, టోపీ ఉందిగా," అంటాడు.

రాసింది ముందు నా స్నేహితురాలికే చూపించాను. తను నొచ్చుకుంటే చింపేయాలనుకున్నాను. స్టాఫ్ రూములో నిలబడే చదివింది. పళ్లెం దగ్గర నవ్వింది. తర్వాత నవ్వు ఆపి రెండు మాటలు చెప్పింది. "ఆట అయినంక టోపీ కింద పడెయ్యకుండ్రి, మడత పెట్టి పక్కన పెట్టుండ్రి. ఇంకోటి, ఆ స్టవ్ ఆయనను ఆఖర్ల సంపకు."

"చంపను."

"హీరో కోసం కూడా సంపకు."

సెక్రటరీ గారు నాటిక చదవలేదు. "జవాను ఉన్నాడామ్మా?" అన్నారు. ఉన్నాడన్నాను. "జెండా ఉందా?" ఉందన్నాను. "చాలు," అన్నారు.

ఆ రోజు తల్లీకూతుళ్లను అమ్మ టిఫినుకు పిలిచింది. అమ్మీ నల్ల బుర్ఖాలో, చేతికర్ర పట్టుకుని, మెల్లగా వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. పలకరించేవాళ్లు పలకరించారు. కొందరు జెండా కర్రను తెగ పరిశీలించారు.

నాటిక మొదలైంది. 104 పాపే మ్యూజిక్ మాస్టరు. స్టవ్ మనిషి రాగానే గరిటె లేచింది. ఢాంగ్! జనం ఉలిక్కిపడి నవ్వారు. "కోపంగా చూడు," అన్నాడు డైరెక్టరు వేషంలో ఉన్న పిల్లాడు. "ఎందుకు సార్? 201 ఆంటీ స్టవ్ ఎలుగుతలేదు, నేను పోవాలె. అన్నం కాకపోతే ఆమెకే కోపమొస్తది." సెల్లారంతా 201 ఆంటీ వైపు తిరిగింది. ఆంటీ అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత టోపీ ఎండకు అడ్డంగా హీరో పెట్టుకున్నాడు. ఢాంగ్! హీరో వాళ్లమ్మ వేషం వేసిన పిల్ల దాన్ని కొడుకు తల మీంచి తీసి తన తల మీద పెట్టుకుంది. ఢాంగ్! డైరెక్టరు విసుక్కుని లాక్కుని తనే పెట్టుకుని, "ఒరేయ్, నేనురా, నీకు డబ్బులిచ్చేవాణ్ణి!" అని అరిచాడు. ఢాంగ్, ఢాంగ్, ఢాంగ్! "సార్, టోపీ చూస్తే చెయ్యి ఆగదు సార్!" అంది పాప. ఆ మాటకు సెక్రటరీ గారి భార్య కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు, నవ్వు ఆపుకోలేక.

చివర్లో డైరెక్టరు బతిమాలాడు. "పోనీ మంచివాడి వేషం ఇస్తాను. హీరో కోసం చచ్చిపో."

"నేనెందుకు సావాలె సార్? స్టవ్ బాగు చేస్త. అందరికి చాయ్ అయితది."

పిల్లలందరూ ఉత్తుత్తి చాయ్ తాగారు. జెండా ఊపారు. అయిపోయింది. చప్పట్లు ఆగడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మీ చేతికర్రను నేలకు కొడుతున్నారు, చప్పట్లకు బదులు.

పిల్లలు బట్టలు మార్చుకుంటుండగానే మీటింగు మొదలైంది. అమ్మ వాళ్లిద్దరినీ మా ఇంటికి తీసుకెళ్లింది. నీళ్ల ట్యాంకరు అయింది, వాచ్‌మన్ సెలవు అయింది. 302 వచ్చింది.

"మాకేం అభ్యంతరం లేదండీ," అన్నారు సెక్రటరీ గారు. "నాటిక కూడా బావుంది, నేనూ నవ్వాను. కానీ నాటిక వేరు, ఇల్లు వేరు కదండీ. వాళ్లింటికి ఎవరొస్తారో, ఎవరెళ్తారో మనకి తెలీదు. రోజులెలా ఉన్నాయో సినిమాల్లో చూస్తూనే ఉన్నాం. రేపు ఆ గడ్డాలు, టోపీలు..."

ఢాంగ్!

పాప ఇంకా పళ్లెం వదల్లేదు. పిల్లర్ పక్కన నిలబడి ఉంది. గరిటె గాల్లోనే ఉంది.

"ఎవరమ్మా అది?" అన్నారు సెక్రటరీ గారు.

"టోపీ అంటే చెయ్యి ఆగదు సార్," అంది పాప, బిక్కమొహం వేసి, నిజం చెబుతున్నట్టు.

మొదట నవ్వింది ఆయన భార్యే. తర్వాత సెల్లార్ కప్పు ఎగిరిపోయింది. సెక్రటరీ గారు చేతిలో కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. భుజాలు కదలడం కూడా కనిపించింది.

నవ్వులు తగ్గాక ఎవరో వంటల వాసన అన్నారు. 201 ఆంటీ లేచింది. "అయ్యో సారూ, ఆయితారం మా ఇంట్ల తలకాయ కూర ఉడికితే అయిదో అంతస్తు దాంక పోతది. ఒక్కనాడన్న మాట్లాడినవా? ఒక గిన్నె పంపియ్యమని మీ ఆమెతోటి కబురు పంపినవు."

సెక్రటరీ గారు సర్దుకుని మెత్తగా అన్నారు. "అది కాదమ్మా. వాళ్ల నాన్నగారు ఏ మిలిటరీలోనో చేసుంటే ఒక ధైర్యం. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు."

అప్పుడు నేను లేచాను. ఎలా లేచానో తెలియదు. ప్లాస్టిక్ కుర్చీ నాతోపాటు లేచి వెనక్కి పడింది.

"మిలిటరీ కాదంకుల్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మలక్‌పేటలో కళ్లద్దాల షాపులో పనిచేసేవారు. షుగరుతో పోయారు. దేశం కోసం పోలేదు, షుగరుతో పోయారు. మా తాతయ్యా షుగరుతోనే పోయాడు. మేం ఇక్కడ ఫ్లాటు కొన్నప్పుడు మా తాతయ్య ఎలా పోయాడని ఎవరూ అడగలేదు."

ఎవరూ మాట్లాడటం లేదు కనుక ఇంకా మాట్లాడాను.

"ఆమె పిల్లలకు లెక్కలు చెబుతుంది. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు, లిఫ్టు కావాలి. మనలో ఎవరమైనా ఇంతకంటే ఎక్కువేం చెప్పి ఈ బిల్డింగులోకి వచ్చాం? ఆమె ఎవరి కోసమూ చచ్చిపోనక్కర్లేదంకుల్. కిరాయి కట్టుకుంటూ ఉంటుంది. అంతే."

కూర్చోబోతే కుర్చీ లేదు. 201 ఆంటీ దాన్ని లేపి నా కిందికి తోసింది. "చేతులెత్తుండ్రి, చేతులెత్తుండ్రి, ఇడ్లీలు అరిగినై, వంట చేసుకోవాలె," అంది గట్టిగా.

చేతులు లేచాయి. అన్నీ ఒకేసారి లేవలేదు. పక్కవాళ్లను చూసి కొన్ని, భార్య మోచేత్తో పొడిస్తే కొన్ని. ఒకరిద్దరు ఫోన్లు చూసుకుంటూ ఎత్తలేదు. సెక్రటరీ గారు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, తన చెయ్యి కూడా ఎత్తారు. "సరే, ఓనరుతో నేనే మాట్లాడతాను," అన్నారు.

లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లెక్కి పరిగెత్తాను. మా వంటింట్లో నా స్నేహితురాలు పెసరట్టు తుంపుతూ ఉంది. నా ముఖం చూసి చెయ్యి ఆపింది.

"నీ లెక్క తప్పయింది," అన్నాను రొప్పుతూ. "నీ పేరు చెప్పాం. అయినా ఇల్లు ఖాళీగానే ఉంది. నీకోసం."

తను ఏడుస్తుందేమో అనుకున్నాను. అల్లంపచ్చడి చేతులతోనే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. అమ్మీ "యా అల్లా, పిల్ల పడతది!" అంటూ తనే కర్ర వదిలేసి నవ్వారు. మా అమ్మ ఇంకో పెసరట్టు పోసింది.

సాయంత్రం సినిమాకు అందరం కిందికి దిగాం. అమ్మీకి ముందు వరుసలో కుషన్ వేసిన కుర్చీ దొరికింది. తెర మీద పచ్చటి ఎండ అయిపోయి బూడిదరంగు ఊరు వచ్చింది. తలుపు తెరుచుకుంది. సుర్మా కళ్లు, టోపీ. సినిమా తన సంగీతం ఎత్తుకునే లోపే ఎక్కడి నుంచో ఢాంగ్!

సెల్లారంతా ఘొల్లుమంది. విలన్ పళ్లు కొరికాడు, ఎవరికీ వినపడలేదు. ఆ తర్వాత టోపీ కనిపించిన ప్రతిసారీ పిల్లలు పాపతోపాటు నోటితో ఢాంగ్ అన్నారు. కాసేపటికి పెద్దవాళ్లూ అన్నారు. అంత ఖర్చు పెట్టి తీసిన సినిమా ఒక స్టీలు పళ్లెం ముందు ఏమీ చేయలేకపోయింది. ప్రాణమిత్రుడు తూటాకు అడ్డం పడబోతుంటే మాత్రం పిల్లలు లేచి నిలబడ్డారు. "సావొద్దన్నా! చాయ్ తాగుదువు రా!" అని అరిచారు. అతను వినకుండా చచ్చిపోయాడు. ఆ ఒక్క చోటే 104 పాప పళ్లెం ఒళ్లో పెట్టుకుని నిశ్శబ్దంగా కూర్చుంది.

సినిమా అయ్యాక కుర్చీలు సర్దుతుంటే సెక్రటరీ గారు మా దగ్గరికి వచ్చారు. పొద్దుటి మాటల గురించి ఏమైనా అంటారేమోనని నేను నోటీసు కోసం గోడ వైపు చూశాను. ఆయన నా స్నేహితురాలితో అన్నారు:

"ఏమ్మా, గేటుకు అడ్డంగా పెట్టిన స్కూటీ నీదేనా? ఇక్కడ ఉండాలంటే ఓ పద్ధతి ఉంది. టూ వీలర్లన్నీ ఆ చివరి పిల్లర్ పక్కన పెట్టుకోవాలి. ఎక్కడబడితే అక్కడ పెడితే నేను ఊరుకోను. మోటారు ఆరింటికి వేస్తాం, బకెట్లు నిండాక కుళాయి కట్టేయాలి. ముందే చెబుతున్నాను."

"సరే అంకుల్. సారీ అంకుల్," అంది తను తల దించుకుని.

ఆయన అటు వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని నొక్కింది. కళ్లు మెరుస్తున్నాయి.

"తిట్టిండు! విన్నవా? అందరిని తిట్టినట్టే నన్ను కూడా తిట్టిండు!"

స్కూటీ తీసి పిల్లర్ పక్కన పెట్టడానికి ఇద్దరం కలిసి వెళ్లాం.